రిహార్సల్ నాయకుడు

పోయిన నెల మా టౌనుకు మళ్లీ ఒక ఢిల్లీ నాయకుడు వస్తున్నారని కబురొచ్చింది. వచ్చే ముందు కాన్వాయ్ రిహార్సల్ పెట్టారు. బండ్లన్నీ స్టేషను ముందు బారుగా నిలబెట్టాక, కొత్తగా వచ్చిన సీఐ గారు నాయకుడు కూర్చునే కారు తలుపు తీసి, "ఈ సీట్ల ఎవర్ని కూసోబెడదాం?" అని అడిగారు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇసుక బస్తా పెడదాం సార్ అన్నాడు ఒక కానిస్టేబులు. ఖాళీగానే పోనిద్దామన్నాడు ఇంకొకడు. నాకు నవ్వాగలేదు.

"ఏందమ్మా, నవ్వుతున్నవ్?" అన్నారు సీఐ గారు.

"ఏం లేదు సార్. ఆ సీటుకు ఒకాయన ఉండేటోడు. మొన్న వానాకాలం పోయిండు."

ఎవరో పెద్ద పదవిలో ఉన్న మనిషి గురించి చెబుతున్నాననుకున్నారు కాబోలు, సీఐ గారు అయ్యో అన్నట్టు తలాడించారు. నేను సరిదిద్దలేదు. చివరికి ఆ సీట్లో ఇసుక బస్తానే కూర్చుంది. సీటు బెల్టు కూడా పెట్టారు.

నేను చెబుతున్నది మా స్టేషన్లో పనిచేసిన ఒక ఏఎస్సై గారి గురించి. కొత్తగా కానిస్టేబులు ఉద్యోగమొచ్చి నేను మొదట చేరింది ఆయన దగ్గరే. జూలూరుపాడు పక్కన పత్తి చేలల్లో పెరిగినదాన్ని. ట్రైనింగులో నేర్పినట్టు మడమలు కొట్టి సెల్యూట్ చేస్తే ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి నా కాళ్ల కింద నేలను చూశారు.

"మెల్లగ బిడ్డా, బండలు పాతయి. అన్నం తిన్నవా?"

డ్యూటీ ఏమిటో చెప్పే ముందు ఆ ప్రశ్న అడగడం ఆయన పద్ధతి. దొంగను పట్టుకొచ్చినా అంతే. "తిన్నవా?" అని దొంగనే ముందు అడిగేవారు. తర్వాతే తెచ్చిన కానిస్టేబుల్ని.

తల ముగ్గుబుట్టలా తెల్లగా ఉండేది, మీసం మాత్రం నల్లగా నిగనిగలాడేది. ఆయన బూట్లకూ మీసానికీ ఒకటే పాలిష్ డబ్బా అని కుర్ర కానిస్టేబుళ్లు చాటున నవ్వుకునేవాళ్లు. ఆ మాట ఆయన చెవిన పడకపోలేదు. పై అధికారుల తనిఖీ ఉన్న రోజున అద్దంలో చూసుకుంటూ, "బూట్లు అయినయి, ఇగ మీసమే" అని వాళ్లకు వినబడేలా అనేవారు. పొట్ట బెల్టు మాట ఎన్నడూ వినలేదు. మోకాళ్ల నొప్పులు. బల్ల కిందికి కాళ్లు చేరగానే బూట్ల తాళ్లు వదులయ్యేవి. ఎవరైనా పెద్ద సారు హఠాత్తుగా లోపలికొస్తే, ఆయన లేచి నిలబడేవారు గాని బూట్లు బల్ల కిందే ఉండిపోయేవి.

వైర్‌లెస్ సెట్టులో మాట్లాడటం ఆయనకు చివరిదాకా ఒంటబట్టలేదు. సెట్టులో మర్యాదలు ఉండవు, విషయం చెప్పి ఊరుకోవాలి. ఆయన మాత్రం, "నమస్తే సార్, బాగున్నరా" అని మొదలుపెట్టేవారు. "సెట్టులో నమస్తేలు వద్దని ఎన్నిసార్లు చెప్పాలె?" అని కంట్రోల్ రూము కసిరితే, "సరే సార్. ఉంట మరి, నమస్తే" అని పెట్టేసేవారు.

మొగుడూ పెళ్లాల గొడవ స్టేషనుకొస్తే అది ఆయన బల్ల దగ్గరికే వెళ్లేది. ఇద్దర్నీ కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, తన ఇంట్లో గొడవ చెప్పడం మొదలుపెట్టేవారు. ఆ కథల్లో ఆయన భార్య రోకలి పట్టుకున్న మనిషి. పప్పులో ఉప్పెక్కువైందన్నందుకు ఆవిడ ఏమన్నదీ, దానికి ఆయన ఏమన్నదీ, అప్పుడు పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి ఏమన్నదీ, అట్లా సాగుతూ పోయేది. ఆ కథకు అంతుండేది కాదు. కాసేపటికి ఆ మొగుడే లేచి, "మేం ఇంటికాడ మాట్లాడుకుంటం సార్" అని భార్యను తీసుకుని వెళ్లిపోయేవాడు. వాళ్లిద్దరినీ కలిపింది ప్రేమో, ఆ కథ నుంచి తప్పించుకునే తొందరో ఎవరికి తెలుసు.

బందోబస్తు విషయంలో ఆయనకు సొంత శాస్త్రం ఉండేది. "మొదలు నీడ చూస్కోవాలె. తర్వాత నీళ్లు. తర్వాత నాయకుడు." మాకు, అంటే ఆడ కానిస్టేబుళ్లకు, దానికి ముందు ఇంకొకటి చేర్చేవారు. డ్యూటీ ఉన్న చోటికి ముందే వెళ్లి, ఏ ఇంటావిడ బాత్రూము వాడుకోనిస్తుందో అడిగి పెట్టుకునేవారు. "నాయకుడు ఎటు పోతడో కంట్రోల్ రూము చూస్కుంటది బిడ్డా. మనం ఎటు పోవాల్నో మనమే చూస్కోవాలె," అనేవారు. నా సర్వీసులో మరే అధికారీ ఆ సంగతి అడగనైనా అడగలేదు.

ఆ రోజుల్లోనే ఢిల్లీ నుంచి ఒక పెద్ద నాయకుడు మా వైపు వస్తున్నారని తెలిసింది. భద్రాచలంలో హెలికాప్టరు దిగి, దర్శనం చేసుకుని, అడవి రోడ్డున కార్లలో మా టౌనుకొచ్చి సభలో మాట్లాడతారు. అంతే, మా స్టేషనుకు జ్వరం పట్టుకుంది.

ఎన్నడూ సున్నం ఎరగని గోడలకు సున్నం వేశారు. సున్నం మిగిలితే వేపచెట్టు మొదలుకు వేశారు. అప్పటికీ మిగిలితే రోడ్డు పక్క రాళ్లకు వేశారు. ఆవరణలో ఏళ్ల తరబడి తుప్పు పట్టిన ఆటోలను, మోటారు సైకిళ్లను టెంటు బట్టతో కప్పేశారు. ఆ బట్ట పెళ్లిళ్లకు కట్టేది, దాని నిండా నెమళ్లు. లోపల పెళ్లి అనుకుని ఎవరో ముసలాయన వచ్చి, "పిల్ల ఎవరింటిది?" అని అడిగాడు. దారి పొడవునా కల్వర్టుల కిందికి దూరి చూసే పార్టీలు అడవిలోకి వెళ్లాయి. సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిలు కర్ర లారీలను ఆ రోజు ఎక్కడ ఆపాలో గుర్తులు పెట్టారు. అప్పటి సీఐ గారు మంచివారే గాని నిద్ర లేక మనిషి సగమయ్యారు. ఎవరు పలకరించినా "కల్వర్టు?" అని అడిగేవారు.

పశువుల్ని రోడ్డెక్కకుండా చూసే పని మా ఏఎస్సై గారికి పడింది. ఆయన ఇల్లిల్లూ తిరిగి, "ఆ రోజు మీ గొడ్లకు సెలవని చెప్పున్రి" అని చెప్పొచ్చారు. అందరూ సరేనన్నారు. ఒక్క ఆంబోతు మాత్రం ఎవరిదీ కాదు. అది మా సెంటర్లో, నాలుగు రోడ్లూ కలిసే చోట, నడి మధ్యన పడుకునేది. ఆయన దానికి అరటితొక్కలు చూపించుకుంటూ, బతిమాలుకుంటూ మార్కెట్టు వెనకదాకా నడిపించుకుపోయారు. తిరిగి సెంటరుకొచ్చేసరికి ఆంబోతు ముందే వచ్చి పడుకుని ఉంది. "అడ్డదోవ దానికి తెలుసు," అన్నారాయన, కొంచెం గౌరవంగానే.

అప్పుడు ఎస్పీ గారు వచ్చారు. మ్యాపు పరిచి అంతా చూసి, "కారు దిగి వేదిక ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో తెలియాలి. కుర్రాళ్లను పెడితే దూకి పరుగెత్తుతారు. నాయకుడి వయసూ ఒళ్లూ ఉన్న మనిషి కావాలి," అన్నారు. సీఐ గారి చూపు అక్కడున్న అందరి మీదా తిరిగి ఒక మూలన ఆగింది. అక్కడ మా ఏఎస్సై గారు బూట్లు వదులు చేసుకుని మజ్జిగ తాగుతున్నారు.

"నేనా సార్?" అన్నారు, గ్లాసు దించకుండానే.

"మీరే. మామూలు బట్టల్లో రండి," అన్నారు ఎస్పీ గారు.

మర్నాడు ఆయన వచ్చిన తీరు ఇప్పటికీ కళ్ల ముందుంది. తెల్లపంచె, తెల్ల లాల్చీ, భుజాన మడత నలగని కండువా. గేటు దగ్గర సెంట్రీ కుర్రాడు గబుక్కున లేచి సెల్యూట్ కొట్టేశాడు. ఎవరో పోల్చుకుని నాలుక కరుచుకునేలోపు ఆయన చెయ్యెత్తి, "కానీ, కానీ. అలవాటు చేస్కో" అంటూ లోపలికి నడిచారు. ఆ నడక కూడా మారిపోయింది. మోకాళ్ల నొప్పుల వల్ల వచ్చే ఆ నిదానమే పంచె కట్టులో హుందాగా కనిపించింది.

భద్రాచలం వైపు నుంచి కాన్వాయ్ బయలుదేరింది. ముందు పైలట్ జీపు, నడుమ ఆయన కారు, దాని వెనక జీపులో నేనూ సీఐ గారూ. కొంతదూరం పోయామో లేదో ఆయన అద్దం దించారు. చాయ్ బంకుల దగ్గర జనం నిలబడి చూస్తుంటే చేతులు జోడిస్తున్నారు.

"అద్దం ఎత్తమను. చేతులూపొద్దని చెప్పు," అని సీఐ గారు సెట్టులో అరిచారు.

సెట్టులో ఆయన గొంతే పలికింది. "నమస్తే సార్. వాళ్లు దండం పెడుతున్నరు సార్. మల్ల మనం పెట్టకపోతే ఏం బాగుంటది?"

సీఐ గారు నా వైపు చూశారు. నేను చెట్ల వైపు చూశాను.

అడవిలో ఒక చోట ఇప్పచెట్ల గుంపు ఉంటుంది. అక్కడ రోడ్డు మీంచి మట్టిదారి చీలి లోపలి కోయ గూడేనికి పోతుంది. ఆ మూల దగ్గర మేకల మంద అడ్డొచ్చి కాన్వాయ్ ఆగింది. డ్రిల్లు ప్రకారం నేను జీపు దిగి పరుగెత్తి కారు తలుపు పక్కన నిలబడ్డాను. సంతకు పోవడానికి చీపురుకట్టలు నెత్తిన పెట్టుకుని కొందరు ఆడవాళ్లు అక్కడ ఉన్నారు. అందులో ఒక ముసలామె కట్ట దించి, తిన్నగా కారు దగ్గరికొచ్చి, దించిన అద్దంలోంచి తల లోపలికి పెట్టింది.

"ఢిల్లీ అయ్యవు నువ్వేనా?"

ఆయన నన్ను చూశారు. డ్రైవర్ని చూశారు. కాదమ్మా అంటారనుకున్నాను. ఆయన కండువా సర్దుకుని, "చెప్పమ్మా," అన్నారు.

"నా కోడలు కడుపుతోటి ఉంది. ఒంట్ల రక్తం లేదంట. వారం వారం సూది మందుకు దవాఖానాకు రమ్మన్నది నర్సమ్మ. బస్సు ఈడ ఆగదు. చెయ్యెత్తినా పోతనే ఉంటది. అటు స్టేజీ దాక నడవాలె. మొన్న నడిచి నడిచి తోవల కూలబడ్డది." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "బస్సు ఆపియ్యి అయ్యా. ఇంకేం అడుగ."

"ఆగుతది. నేను ఆపిస్త," అన్నారాయన.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. ముసలామె తల వెనక్కి తీయలేదు.

"ఎప్పటి సంది?"

ఆ ప్రశ్న ఆయన ఊహించలేదు. "మీటింగు అయిన మర్నాటి సంది," అన్నారు.

మేకలు దాటాయి. విజిల్ పడింది. కారు కదిలాక ఆయనే అద్దం పైకెత్తుకున్నారు. ఆ తర్వాత దారిలో ఎవరు దండం పెట్టినా చేతులు ఒళ్లోంచి లేవలేదు. "ఇప్పుడు కరెక్టు," అని సీఐ గారు సంతోషించారు. సభ దగ్గర ఏఎస్సై గారు కారు దిగి మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ సగంలో నిలబడిపోయారు. గడియారం చూసుకుంటున్న ఎస్పీ గారు, "ఏమయింది, మోకాళ్లా?" అని అడిగారు.

"కాదు సార్, ఆలోచన," అన్నారాయన.

భోజనాల దగ్గర నేను ఉండబట్టలేక అడిగాను. "ఎందుకు మాటిచ్చిన్రు సార్? నేను కాదంటే అయిపోయేది గదా?"

ఆయన పులిహోర పొట్లం విప్పారు గాని తినడం లేదు. "నేను కాదంటే ఆమె ఇంకెవర్ని అడుగుతది బిడ్డా? అసలాయన అద్దం దించడు."

సాయంత్రం సీఐ గారి చెవిన వేశారు. నాయకుడి కార్యక్రమం చూసే వాళ్లకైనా, పక్కనుండే ఆఫీసర్లకైనా ఈ బస్సు ముక్క చెప్పించమని అడిగారు. "పెద్దాయనా, బస్సుల సంగతి మనకెందుకు? ముందు ఆ ఆంబోతును చూడు," అన్నారు సీఐ గారు. ఆయన తప్పేం లేదు, అప్పుడాయనకు కల్వర్టులు తప్ప మరో లోకం లేదు.

అసలు రోజున పొద్దున్నుంచీ సన్నగా తుంపర. ఏఎస్సై గారు తనకు ఆ మూల దగ్గరే డ్యూటీ వెయ్యమని అడిగి మరీ వేయించుకున్నారు. ఖాకీ బట్టల్లో, లాఠీతో, తడిసిన బూట్లతో. జనం రోడ్డు మీదికి రాకుండా తాడు పట్టుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను. గూడెం గూడెమంతా వచ్చింది. ముసలామె ఉతికిన చీర కట్టుకుని ముందుకొచ్చి నిలబడింది. కోడలిని కూడా తెచ్చింది. మొహం పాలిపోయి, పొట్ట మీద చెయ్యేసుకుని ఆ పిల్ల ఒక రాయి మీద కూర్చుంది.

కాన్వాయ్ వచ్చింది, పోయింది. నల్ల అద్దాలు. రోడ్డు మీది తడి ఆకులు లేచి మళ్లీ పడేలోపే అంతా అయిపోయింది. ముసలామె చాలాసేపు ఖాళీ రోడ్డు వైపే చూస్తూ, "ఆగలేదేంది?" అంది. తర్వాత ఇటు తిరిగింది. తిరిగి, మా ఏఎస్సై గారి మొహంలోకి చూసింది.

ఆయన టోపీ ముందుకు లాక్కున్నారు గాని ఆలస్యమైపోయింది.

"నువ్వే గదా అయ్యా!" ఆమె తాడు కిందనుంచి వంగి ఆయన ముందుకొచ్చింది. ఖాకీ చొక్కా, లాఠీ, బురద బూట్లు కింది నుంచి పైదాకా చూసింది. ఆమె గొంతు మారిపోయింది. "తెల్లబట్టలు ఏమైనయ్? పదవి పోయిందా?"

తాడు పట్టుకున్న మేమంతా పెదాలు బిగపట్టుకున్నాం.

"అవ్ అవ్వా. పోయింది," అన్నారాయన.

"గింత జల్దీనా? ఎవరు తీసేసిన్రు?"

"పైవోళ్లు."

ఆమె ఆయన చొక్కా చెయ్యిని నిమిరింది. ఇంట్లో ఎవరో పోతే పరామర్శించినట్టుగా. "పోనీలే. బాధపడకు. పోలీసు కొలువన్న ఇచ్చిన్రు గదా."

నా పక్కనున్న కానిస్టేబులు తాడు వదిలేసి చెట్టు చాటుకు పోయి నవ్వాడు. నాకూ కడుపు నొప్పి పుట్టేలా ఉంది. ఆయన మాత్రం నవ్వలేదు. ముసలామె ఓదార్చడం పూర్తి చేసి, కోడలి వైపు ఒకసారి చూసి, అసలు మాట అడిగింది.

"మరి బస్సో?"

"రేపటి సంది ఆగుతది," అన్నారు.

మర్నాడు స్టేషన్లో మనుషులు ఎక్కడి వాళ్లక్కడ పడి నిద్రపోతున్నారు. నెమళ్ల టెంటు బట్ట విప్పుతున్నారు. పొద్దున్నే ఆయన ఇస్త్రీ చేసిన యూనిఫాంలో వచ్చి, "బిడ్డా, నీ స్కూటీ తియ్యి. ఆడమనిషి ఉంటే కోడలు పిల్లకు మంచిది," అన్నారు. ఆయన వెనక ఎక్కగానే నా స్కూటీ ముందు చక్రం తేలిపోతుందేమో అని భయపడ్డాను. ఇప్పచెట్ల మూలకు చేరేసరికి అత్తాకోడళ్లు తుంపరలోనే అప్పటికే వచ్చి ఉన్నారు. ఆ ముసలామెకు ఒక్క పిసరు అనుమానం కూడా ఉన్నట్టు లేదు.

బస్సు కనబడగానే ఆయన రోడ్డు నడిమధ్యకు నడిచి చెయ్యెత్తారు. బ్రేకులు కీచుమన్నాయి. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏంది సార్, చెకింగా?"

"కాదు. స్టేజీ."

"ఈడ స్టేజీ లేదు సార్."

"ఇయ్యాల్టి సంది ఉంది."

"ఎవరు పెట్టిన్రు?"

"లీడరు మాటిచ్చిండు."

కండక్టరు కూడా మెట్ల మీదికొచ్చాడు. "మాకు డిపో నుంచి ఆర్డరు రాలేదు సార్."

"మాట వచ్చింది. ఆర్డరు ఎనక బస్సుల వస్తదేమో. ముందు పిల్లను ఎక్కించుకో. తడుస్తున్నది."

ఎక్కించుకున్నారు. ఆ రోజు మొదలు ఆయన పొద్దున డ్యూటీ ఆ మూల దగ్గరే మొదలయ్యేది. ఒక డ్రైవరు మాత్రం మొండివాడు. ఆయన్ని చూసి కూడా పక్కనుంచి దూసుకుపోయేవాడు. ఆయన కోప్పడలేదు. సాయంత్రం బస్టాండుకు పోయి ఆ డ్రైవరుకు చాయ్ ఇప్పించి, పక్కన కూర్చుని, పప్పులో ఉప్పు కథ మొదలుపెట్టారు. బస్సు బయలుదేరే టైము దాటింది. ప్రయాణికులు కేకలు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసే ఘట్టం ఇంకా రాలేదు. "ఆపుత సార్, రేపటి నుంచి ఆపుత. నన్ను ఇడిచిపెట్టున్రి," అని డ్రైవరు దండం పెట్టాడు.

చివరికి డిపో మేనేజరు నుంచి సీఐ గారికి ఫోనొచ్చింది, మీ పోలీసాయన ఎవరో రోజూ మా బస్సు ఆపుతున్నాడని. సీఐ గారు ఆయన్ని పిలిచారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"రోజూ ఆడ నిలబడమని మీకు ఎవరు చెప్పిన్రు?"

"లీడరు మాటిచ్చిండు సార్. నేను ఆ మాటకు బందోబస్తు చేస్తున్న."

"ఏ లీడరు?"

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నారు. ఆ రోజు తాళ్లు బిగించే ఉన్నాయి. "నేనే సార్," అన్నారు.

సీఐ గారు మొత్తం సంగతి చెప్పమన్నారు. ముసలామె పరామర్శ దగ్గరికి వచ్చేసరికి బల్ల మీద తల వాల్చి నవ్వారు. నాయకుడి పర్యటన మాట తెలిశాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. కళ్లు తుడుచుకుని తనే డిపోకు ఫోన్ చేశారు. ఎక్కేవాళ్లుంటే ఆపడానికి మాకేం అభ్యంతరం, కొన్నాళ్లు చూద్దామన్నారు అవతల. ఆ సాయంత్రమే ఏఎస్సై గారు గూడెంలోకి నడిచి వెళ్లి, సంతకు పోయినా, చుట్టాలింటికి పోయినా, ఆటో ఎక్కకుండా ఈ బస్సే ఎక్కాలని ఒట్టు వేయించుకున్నంత పని చేశారు. చీపురుకట్టలు, విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపులు, ఒకసారి రెండు కోళ్లు కూడా ఎక్కాయి. వానలు వెనకబట్టక ముందే ఆ మూల డిపో లెక్కల్లో స్టేజీ అయింది.

కోడలు భద్రాచలం దవాఖానాలో ఆడపిల్లను కన్నది. కాన్పుకు పోయింది కూడా ఆ బస్సులోనే, నొప్పులు మొదలుకాక ముందే, నర్సమ్మ చెప్పిన రోజున. బ్రెడ్డు పాకెట్టు పట్టుకుని మేమిద్దరం చూడటానికి వెళ్లాం. ముసలామె పాపను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన వైర్‌లెస్ సెట్టు పట్టుకున్నట్టు జాగ్రత్తగా పట్టుకున్నారు. పాప మొహంలోకి చూసి, "నమస్తే," అన్నారు.

కొన్నాళ్లకు రిటైరై, దమ్మపేట దగ్గర సొంతూరికి వెళ్లిపోయారు. అక్కడ కొడుకు పామాయిలు తోట చూసుకుంటాడు. పండక్కో పబ్బానికో ఫోన్ చేసి, "తిన్నవా బిడ్డా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే "ఉంట మరి, నమస్తే," అని పెట్టేసేవారు. మొన్న వానాకాలం నిద్రలోనే పోయారు. బందోబస్తు ఉండి ఆ రోజు వెళ్లలేకపోయాను. పెద్దకర్మకు వెళ్లాను.

ఆయన భార్యను చూడటం అదే మొదటిసారి. రోకలి పట్టుకున్న మనిషి కోసం వెతుక్కుంటూ ఉంటే, చీపురుపుల్లలా ఉన్న ఒకావిడ వచ్చి, వినీ వినబడని గొంతుతో, "తిన్నవామ్మా?" అని అడిగింది. ఆవిడే. భోజనాలయ్యాక నన్ను పక్కకు పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"నువ్వు ఆయన దగ్గర పనిచేసిన పిల్లవు గదా. ఒక మాట అడుగుత, దాచకుండ చెప్పు. రిటైరైనంక గూడ ఈ మనిషి వానలు పడ్డయంటే చాలు, బస్సెక్కి ఎటో పోయేటోడు. పొద్దుగూకాల వచ్చేటోడు. ఏడికి పోయినవయ్యా అంటే తనిఖీకి అనేటోడు. ఉద్యోగం లేని మనిషికి తనిఖీ ఏంది? జేబుల ఒకసారి ఎండిన ఇప్పపూలు గూడ దొరికినయ్." ఆవిడ గొంతు ఇంకా తగ్గించింది. "ఆ అడవిల ఎవరున్నరమ్మా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కూర్చోబెట్టి అంతా చెప్పాను. తెల్లబట్టలు, మేకలు, ముసలామె, బస్సు. పప్పులో ఉప్పు కథతో డ్రైవరు దారికొచ్చాడని చెబితే, "ఆ రోజు ఉప్పు ఎక్కువ కాలేదమ్మా, ఆయన నోరే బాగలేదు," అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు చెప్తే నేను గూడ పోయేదాన్ని గదా," అంది.

వానలు తగ్గక ముందే ఒకరోజు సెలవు పెట్టి ఆవిడను తీసుకెళ్లాను. ఇప్పచెట్ల మూల దగ్గర బస్సు దిగాం. ముసలామె ఇంకా ఉంది. నడుం బాగా వంగింది, చీపురుకట్ట చిన్నదైంది. నన్ను గుర్తుపట్టి, నా వెనక చూసింది.

"లీడరు రాలేదేం? వానలు పడంగనే వచ్చేటోడు."

నేను చెప్పేలోపే ఆయన భార్యే ముందుకు నడిచింది.

"ఆయన రాలేడమ్మా. బస్సు ఆగుతున్నదో లేదో చూసిపోదామని నేనొచ్చిన."

"నువ్వెవరు?"

ఆవిడ పైట భుజం మీదికి సర్దుకుని, అప్పటిదాకా నేను ఆవిడ నోట వినని గట్టి గొంతుతో చెప్పింది. "లీడరు ఇంటిదాన్ని."

ముసలామె ఆవిడ నుదుటి వైపు, మెడ వైపు చూసింది. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చెట్టు కింద రాయి మీద కూర్చోబెట్టి, తనూ పక్కన చేరింది. ఎవరితోనో కోయ మాటలో చెప్పి గూడెం నుంచి చెంబుతో నీళ్లు తెప్పించింది. ఆవిడ తాగేదాకా ఆగి, అప్పుడు అడిగింది.

"ఇంటికాడ గూడ గట్లనే ఉండేటోడా?"

ఆవిడ చెంబు పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. మా తిరుగు బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. వాళ్లిద్దరూ తలెత్తలేదు. నేనే చెయ్యూపి, మీరు పోండి అన్నాను.